అమ్మమ్మ తోయవలసిన పిల్లబండి: తేలికైనదా, పెద్ద చక్రాలదా?

బరంపురం ఆడపడుచు

మా ఇల్లు బరంపురంలో బడబజారు వెనుక ఒక పాత వీధిలో ఉంది. నేనూ మా వారూ ఉద్యోగాలకు వెళ్ళిపోయాక పది నెలల బాబును మా అమ్మే చూసుకుంటుంది. ఆమెకు అరవై దాటాయి, కుడి మోకాలు నొప్పి. సాయంత్రం గుడికి గాని, కూరగాయలకు గాని వెళ్ళాలంటే బాబును చంకన వేసుకుని నడవలేకపోతోంది. అందుకని అయిదు వేల రూపాయలకు మించకుండా ఒక స్ట్రోలర్ కొనాలనుకున్నాము. వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. మొదటిది గొడుగులాగా నిలువుగా మడిచే సన్నని బండి, అయిదు కిలోల లోపు బరువు. రెండవది పెద్ద చక్రాలతో, పిడిని ముందుకూ వెనుకకూ తిప్పుకునే వీలుతో ఉన్నది, తొమ్మిది కిలోలు. మా వదిన రెండవదే గట్టిదంటోంది. అమ్మేమో తనకు ఏ బండీ వద్దు, డబ్బు దండగ చేయవద్దు అంటోంది. అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

పర్లాకిమిడి తాతయ్య

అమ్మా, తేలికైనదే కొనండి. నేను మనుమరాలిని తిప్పిన అనుభవంతో చెబుతున్నాను.

బండిని ఎంత దూరం తోయాలన్నది అందరూ ఆలోచిస్తారు గాని, ఎన్నిచోట్ల ఎత్తవలసి వస్తుందన్నది ఎవరూ లెక్కవేసుకోరు. మన పాత వీధుల ఇళ్ళకు గడప ఉంటుంది, గడప దాటితే అరుగు, అరుగు దిగడానికి మెట్లు, ఆ తరువాత కాలువ మీద పరిచిన రాతి పలక. బాబు తొమ్మిది కిలోలు ఉంటాడనుకుంటే, ఆ రెండవ బండితో కలిపి పద్ధెనిమిది కిలోలు అవుతుంది. మోకాలు నొప్పి ఉన్న మనిషి ముందుకు వంగి అంత బరువును మెట్ల మీదుగా దించే ప్రసక్తే ఉండకూడదు. బిడ్డను తీసి ఎవరి చేతికైనా ఇచ్చి ఖాళీ బండిని దించుకోవచ్చు గాని, మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడు ఆ రెండవ మనిషి ఎవరు? ఒక చంకన బిడ్డను ఉంచుకుని రెండవ చేత్తో బండిని దించాలి. నాలుగైదు కిలోలైతే ఎలాగో వీలవుతుంది, తొమ్మిది కిలోలు వీలు కాదు. వారం తిరక్కుండానే బండి అటకెక్కుతుంది.

గొడుగు మడత బండిని తయారుచేసినది కూడా మనుమల కోసం ఆలోచించిన ఒక తాతగారే. ఇంగ్లండులో ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజనీరు ఉండేవారు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి నేల మీద దిగే చక్రాల అమరికను రూపొందించడంలో పాలుపంచుకున్నవారాయన. కూతురు బరువైన పిల్లబండిని వెంటబెట్టుకుని మాస్కో నుంచి ప్రయాణం చేసి విసిగిపోయిందని తెలిసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో మూడు కిలోల లోపు బరువుండే బండిని రూపొందించారు. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే సన్నని బండ్లన్నీ ఆ పోలికవే.

ఇక బ్రేకు. కొన్ని బండ్లకు వెనుక చక్రాల దగ్గర వేరువేరుగా రెండు మీటలు ఉంటాయి. ఒకటి వేసి రెండవది మరిచిపోతే వాలులో బండి ఒక పక్కకు తిరిగి జారిపోతుంది. ఇంకొన్నిటిలో బ్రేకును తీయడానికి మీటను కాలివేళ్ళతో పైకి లేపాలి. మన పెద్దవాళ్ళు వేసుకునేవి హవాయి చెప్పులు, ఆ మీట సరిగ్గా బొటనవేలి గోటికే తగులుతుంది. దాంతో బ్రేకు వేయడమే మానేస్తారు. వేసేటప్పుడూ తీసేటప్పుడూ కిందికే తొక్కే, రెండు చక్రాలనూ కలిపి పట్టే అడ్డకడ్డీ ఉన్నది చూసుకోండి. పైకప్పు మీద బొమ్మలు, పాల సీసా పెట్టుకునే గిన్నె, దోమతెర, ఇవన్నీ తరువాతి సంగతి. దోమతెర విడిగా కూడా దొరుకుతుంది.

రాయగడ మాస్టారు

తాతయ్యగారు ఎత్తడం గురించి చెప్పినది ఒప్పుకుంటాను గాని, తోయడం గురించి సగమే చెప్పారు. సన్నని బండి ముందు చక్రాలు అరచేతిలో పట్టేంత ఉంటాయి. కాలువ పలకల మధ్య సందులో అవి దిగబడితే బండి ఉన్నచోటనే ఆగిపోతుంది, తోసే మనిషి మాత్రం ముందుకు తూలుతుంది. అరవై దాటిన స్త్రీ తూలి పడితే తుంటి ఎముకకే ప్రమాదం. కొండల మధ్య ఉన్న మా ఊళ్ళో వాలు రోడ్లు, గతుకులు తప్పవు. ఇక్కడ పెద్ద చక్రాలే పనికొస్తాయి.

ఇంకొక మాట. సన్నని బండికి రెండు వేరువేరు వంపు పిడులుంటాయి. ఒక చేత్తో తోస్తే అది పక్కకు లాగేస్తుంది. గొడుగో చేతికర్రో పట్టుకునే మనిషికి ఒకే అడ్డపిడి ఉన్నదే కావాలి. అంతేగాక కూరల సంచిని పిడికి తగిలించే అలవాటు మనకందరికీ ఉంది. తేలిక బండికి వెనుక అంత బరువు వేలాడితే, బిడ్డను దించిన మరుక్షణమే అది వెనుకకు తిరగబడుతుంది. బిడ్డ కూర్చుని ఉండగా కూడా తిరగబడవచ్చు.

గుణుపురం పిన్ని

ఇంత చర్చ అవసరమా? మా అత్తగారు అయిదుగురు పిల్లలను చంకనెత్తుకునే పెంచారు. పక్క వీధి గుడికి బండి కట్టుకుని పోవాలా? ఎండాకాలంలో ఆ సీట్లో బిడ్డ వీపు చెమటతో తడిసిపోతుంది. ఆ పైన ఎండ తగలకుండా తువ్వాలు కప్పుతారు, లోపల ఆవిరి పట్టినట్టు అవుతుంది.

పర్లాకిమిడి తాతయ్య

పిన్నిగారూ, తువ్వాలు సంగతి మీరు చెప్పినది అక్షరాలా నిజం. బండి ముందు భాగాన్ని గుడ్డతో మూసేస్తే గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది, బిడ్డ కూడా కంటికి కనబడడు. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలు బండిలోనే కాదు, చంకన పెట్టుకుని కూడా బిడ్డను బయటికి తీసుకువెళ్ళే వేళలు కావు. అయితే మీ అత్తగారు పిల్లలను ఎత్తుకున్నది పాతికేళ్ళ వయసులో. మనుమడిని ఎత్తవలసినది అరవై దాటాక. చంకన బిడ్డతో నడిచేటప్పుడు బరువంతా ఒకే పక్కకు పడుతుంది, నొప్పి ఉన్న మోకాలికి అది మరీ చెరుపు.

మాస్టారుగారూ, చక్రాల విషయంలో మీకు సగం మార్కులు ఇస్తాను. సందులు దాటేటప్పుడు బండిని వెనుకకు తిప్పి, వెనుక చక్రాలను ముందుగా దాటించి లాగాలి. ఇది అమ్మమ్మకు ఎవరైనా ఒకసారి పక్కన ఉండి చూపించవలసిన పని. అడ్డపిడి మాట మాత్రం ఒప్పుకున్నాను. అయిదారు కిలోల బరువులోనే అడ్డపిడి ఉన్నవి కూడా దొరుకుతున్నాయి, ధర కొంచెం ఎక్కువ. కాకపోతే ఏ బండినైనా చేతికర్ర బదులుగా ఆనుకోవడానికి వాడకూడదు. మనిషి బరువు పిడి మీద మోపితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి.

బరంపురం ఆడపడుచు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడ్డపిడి ఉన్న తేలిక బండి కొత్తది మా అయిదు వేలలో రావడం లేదు. పక్కింటివారి దగ్గర అలాంటిదే పాతది ఉంది, పదిహేను వందలకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? అమ్మను ఒప్పించడం ఎలాగో కూడా చెప్పండి.

రాయగడ మాస్టారు

అమ్మను ఒప్పించే ప్రయత్నం చేయకండి. ఆ పాత బండిని రెండు రోజులు అడిగి తెచ్చి అరుగు మీద పెట్టండి. చంకనెత్తుకోలేకపోతున్నానని వీధిలో అందరికీ తెలుస్తుందన్నది ఆవిడ బెంగ కావచ్చు. సాయంత్రం వీధి చివరిదాకా మీరే ఒకసారి తోసుకుని వెళ్ళిరండి, రెండవ రోజు ఆవిడను తోయమనండి. సీట్లో మొదట బాబును కాక పది కిలోల బియ్యం సంచిని పెట్టి, బెల్టు బిగించి, గడప, మెట్టు, పలక అన్నీ దాటించి చూడండి. బెల్టు భుజాల మీదుగా, నడుము చుట్టూ, కాళ్ళ మధ్య నుంచి వచ్చి అయిదు చోట్ల పట్టుకునేదై ఉండాలి.

పర్లాకిమిడి తాతయ్య

పాత బండిలో ముందుగా చూడవలసినవి మడత కీళ్ళు. మెక్లారెన్ పేరున్న బండ్లనే 2009లో అమెరికాలో సుమారు పది లక్షలు వెనుకకు పిలిచారు. మడత విప్పేటప్పుడు కీలు మధ్య పిల్లల వేళ్ళు ఇరుక్కుని, పన్నెండు మందికి వేలి చివరలు తెగిపోయిన తరువాత తీసుకున్న నిర్ణయమది. ఆ కీళ్ళకు తొడుగులు ఇచ్చారు. మీ పక్కింటి బండి కీళ్ళకు మూత ఉన్నదీ లేనిదీ చూడండి. ఉన్నా సరే, విప్పేటప్పుడూ మడిచేటప్పుడూ బాబు చేతికి అందనంత దూరంలో ఉండాలని అమ్మకు చెప్పండి. తరువాత బండిని విప్పి, గొళ్ళెం పడిన చప్పుడు విన్నాక, సీటును రెండు చేతులతో కిందికి అదిమి, పిడిని పట్టుకుని ముందుకూ వెనుకకూ ఊపండి. గొళ్ళెం ఒక్కసారి జారినా, ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు.