చిన్న ఫ్లాటుకు మారుతున్నాం, నాన్నగారి స్టాంపులు అమ్మేయాలా?

సాగరతీరం:
నాన్నగారు విశాఖలో ఇల్లు అమ్మి, హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఫ్లాటుకు వస్తున్నారు. వెంట బీరువా నిండా ఆల్బమ్‌లు, పెట్టెల నిండా ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజే ముద్ర వేసిన కవర్లు), చింపని స్టాంపుల షీట్లు. అమ్మ మందుల ఖర్చు, ఆరోగ్య బీమా ప్రీమియం పెరిగాయి. ఆయన మాత్రం కొత్త స్టాంపుల కోసం తపాలా శాఖ ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతాలో డబ్బు వేస్తూనే ఉన్నారు. అన్నీ అమ్మితే లక్షలు వస్తాయని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

లెక్కలమాస్టారు:
ముందు ఆ లక్షల ఆశ వదులుకోండి. 1948 నాటి గాంధీ 10 రూపాయల స్టాంపు ఉంటే అది వేరే సంగతి. తర్వాతి దశాబ్దాల్లో స్మారక స్టాంపులు చాలావరకు లక్షల సంఖ్యలో అచ్చయ్యాయి. పెట్టుబడి అనుకుని కొన్న షీట్లను వ్యాపారికి చూపిస్తే, చాలాసార్లు స్టాంపు మీద ఉన్న ధర కూడా రాదు. డిపాజిట్ ఆపించండి. మందుల తర్వాతే సరదాలు.

పోస్టుముద్ర:
మాస్టారూ, పింఛను ఆయనది! కొత్త ఫ్లాటుకు సోఫా, మాడ్యులర్ వంటగది కొనేటప్పుడు ఇంత చర్చ జరిగిందా? ఆ డిపాజిట్ వాటిలో ఏ మూలకు?

సాగరతీరం గారూ, ముందు ఆల్బమ్‌లు తెరిచి చూడండి. విశాఖ గాలిలోని చెమ్మకు జిగురు మెత్తబడి స్టాంపులు పేజీకి అతుక్కుపోతాయి, అంచుల పళ్ల దగ్గర గోధుమరంగు మచ్చలు పడతాయి. అలాంటివి అమ్ముడుపోవు, వాటిని మోసుకురావడం దండగ. ఒకే రకం పది ఉంటే ఒకటి చాలు. 1961 త్యాగరాజు, 1975 ప్రపంచ తెలుగు మహాసభల 25 పైసల స్టాంపు వంటివి ఆయన ఇష్టపడి పేజీలో అమర్చుకున్నవైతే మాత్రం ముట్టుకోకండి. వాటికి వచ్చే డబ్బు అమ్మగారి మందులకు ఒక వారం కూడా సరిపోదు.

లెక్కలమాస్టారు:
సోఫా మాట నిజమే, దాన్నీ ఆపండి. కానీ పెద్దాయన తర్వాత ఆ అన్నయ్యే లక్షలు రాలేదన్న కోపంతో పాతసామాన్లవాడికి తూకానికి వేస్తాడు. ఏది ఎవరికి చెందాలో ఇప్పుడే ఆయన చేత రాయించండి. ధరల సంగతి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఫిలాటెలీ విభాగానికి వచ్చే సేకర్తలను అడిగితే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురిని అడగండి, మొదటివాడి మాటకు అమ్మేయకండి. డిపాజిట్ విషయంలో మాత్రం నా మాట మారదు.

సాగరతీరం:
షీట్ల సంగతి నాన్నగారితో ఎత్తితే, "ఉత్తరాలకు అతికించేద్దాం" అన్నారు. అర్ధరూపాయి స్టాంపులు వరుసగా అంటిస్తే చిరునామాకు చోటెక్కడ ఉంటుందో!