కూతురు ఫుట్‌బాల్ ఆడితే మురిసిపోయాను, కొడుకు నెయిల్ పాలిష్ వేసుకుంటే వణికిపోయాను. తేడా నాలోనేనా?

నిద్రపట్టని నాన్న:

పాపకి 11, బాబుకి 7. పాప రెండేళ్ళుగా ఫుట్‌బాల్ ఆడుతోంది. జుట్టు అడ్డమొస్తోందంటే నేనే దగ్గరుండి పొట్టిగా కత్తిరింపించాను. ఆఫీసులో ఎవరైనా పిల్లల మాటెత్తితే చాలు, మోకాళ్ళ దాకా మట్టి కొట్టుకుపోయిన దాని ఫోటో తీసి "మా అమ్మాయి మగరాయుడండీ" అని చూపిస్తాను. ఎంత ఆధునికమైన తండ్రినో అని లోలోపల కాస్త గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు.

మొన్న ఆదివారం రాత్రి అది కాలిగోళ్ళకి నెయిల్ పాలిష్ వేసుకుంటుంటే పక్కనే కూర్చున్న మావాడు "నాకూ వెయ్యి" అన్నాడట. ఊదారంగు. పది వేళ్ళకీ వేయించుకుని, ఆరేదాకా చేతులు గాల్లో పెట్టుకుని, నాకు చూపిద్దామని పరిగెత్తుకొచ్చాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఛీ, ఆడపిల్లవా నువ్వు?" వాడి చేతులు అలా గాల్లోనే ఉండిపోయాయి.

తర్వాత దూది, రిమూవర్ తెచ్చి నేనే తుడిచాను. ఏడేళ్ళ పిల్లాడి గోళ్ళు ఎంత చిన్నవో అప్పుడే సరిగ్గా చూశాను. దూది పోగులు అతుక్కుపోయాయి, ఎడమ చిటికెనవేలి మూల రంగు ఎంత రుద్దినా వదల్లేదు. వాడు ఏడవలేదు. "స్కూల్లో నవ్వుతారని కదా నాన్నా" అని నా తరఫున కారణం కూడా వాడే చెప్పేశాడు. అప్పటి నుంచీ మనసు మనసులో లేదు. రెండూ ఒకలాంటివే కదా, ఒకదానికి చప్పట్లు కొట్టి ఇంకోదానికి ఛీ ఎలా అన్నాను? నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

పాత కాగితాలు:

ఉన్నారు సార్, బోలెడంత మంది. కాకపోతే మీరు ఛీ అన్నలాంటి వస్తువులు ఒకప్పుడు ఏ వైపు ఉండేవో చూస్తే నవ్వొస్తుంది. హైహీల్స్ యూరప్‌లోకి వచ్చింది మగవాళ్ళ కాళ్ళ మీద. పర్షియా గుర్రపురౌతులు రికాబులో కాలు జారకుండా మడమ చెప్పులు వేసుకునేవాళ్ళు, అది చూసి యూరప్ దొరలు మోజుపడ్డారు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లతో నిలబడి బొమ్మలు గీయించుకున్నాడు, చూసినవాడెవడూ ఆడపిల్లవా అనలేదు. రంగుల సంగతీ అంతే. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి, గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకి, నీలం సుకుమారం కాబట్టి ఆడపిల్లలకి అని రాసింది. తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1884లో తీసిన ఫోటో ఉంది: రెండేళ్ళ పిల్లాడు, తెల్ల గౌను, భుజాల దాకా జుట్టు. అప్పట్లో ఆ ఇళ్ళలో ఆరేడేళ్ళు వచ్చేదాకా మగపిల్లలకి గౌన్లే వేసేవాళ్ళు, ఎవరికీ ఏ టెన్షనూ లేదు.

ఊదారంగు మీ తాతల నాడు ఎవరిదో, మీ మనవల నాటికి ఎవరిదవుతుందో!

సూటిగా ఒక మాట:

చరిత్ర పాఠం బాగుంది. కానీ ఆ పిల్లాడు సోమవారం వెళ్ళాల్సింది 14వ లూయీ దర్బారుకి కాదు, స్కూలుకి. ఏడేళ్ళ పిల్లలు ఎంత నిర్దయగా ఏడిపిస్తారో నాకు తెలుసు. నాకు నాలుగో తరగతిలో పడిన పేరు కాలేజీ దాకా వెంటాడింది, ఏం పేరో ఇక్కడ కూడా చెప్పను. తండ్రి భయపడ్డాడంటే అందులో తప్పేముంది? సమాజం మారాలంటే పెద్దవాళ్ళు మారి చూపించండి, పసివాడిని ముందు నిలబెట్టి ప్రయోగాలు చేయకండి. ఇంకోటి, మగా ఆడా తేడా అంతా మనం కల్పించిందే అంటే నేను ఒప్పుకోను, హార్మోన్లు అనేవి కూడా ఉన్నాయి.

అయితే "ఛీ" అనడం మాత్రం తప్పే. "రేపు పొద్దున తుడిచేద్దాం" అంటే సరిపోయేది.

రెండు డ్యూటీలు:

అన్నా, హార్మోన్ల సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఫిలిప్పీన్స్‌లో 624 మంది కుర్రాళ్ళని నాలుగున్నరేళ్ళు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఉంది. తండ్రులైన వాళ్ళకి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది, బిడ్డ పనులు రోజూ చేసేవాళ్ళకి ఇంకా తక్కువ. అంటే హార్మోన్ మనిషిని నడిపిస్తుంది, మనిషి చేసే పని హార్మోన్నీ మారుస్తుంది. పిల్లల్ని ఎత్తుకోవడం మగాడి ఒంటికి పడదు అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు అసలు పోస్టుకి వస్తాను. మీ ప్రశ్నకి జవాబు మీరు రాసిన మాటలోనే ఉందండీ. మగపిల్లలా తిరిగే అమ్మాయికి మన భాషలో మగరాయుడు అనే ముద్దుపేరుంది. ఆడపిల్లలా ఉండే అబ్బాయిని ఏమంటాం? ఆడంగి. అది తిట్టు. కూతురు బాగా చూసుకుంటే "నువ్వు కూతురివి కాదమ్మా, కొడుకువి" అంటారు. అమ్మకి ఎంత సేవ చేసిన కొడుకునైనా "నువ్వు కొడుకువి కాదురా, కూతురివి" అని మెచ్చుకున్నవాళ్ళని నేనైతే చూడలేదు. అమ్మాయి అటు వెళ్తే ప్రమోషన్, అబ్బాయి ఇటు వస్తే డిమోషన్. కాబట్టి మీరు చప్పట్లు కొట్టింది హద్దు దాటినందుకు కాదు, పై మెట్టుకి ఎక్కినందుకు. కోపం తెచ్చుకోకండి, నన్ను పెంచిన నాన్న కూడా ఇలాగే ప్రేమగా, ఇలాగే తప్పుగా పెంచాడు.

పాపకి ఆ మైదానం ఊరికే దొరకలేదని కూడా తెలియాలి. 1920 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరక్కుండా అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకి తగదని చెప్పి తన క్లబ్బుల మైదానాల్లోకి వాళ్ళని రానివ్వొద్దంది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది.

ఇంకో చేదు నిజం. నన్ను మా నాన్న "నా పెద్దకొడుకు" అనేవాడు. చదివాను, సంపాదిస్తున్నాను, బండి రిపేరు దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా అన్నీ నేనే. అయితే ఆ కొడుకు ఇంటికొచ్చాక మళ్ళీ కోడలైపోతాడు, అదే తమాషా. కొత్త పనులు వచ్చి చేరాయి, పాతవి ఒక్కటీ పోలేదు. ప్రపంచమంతా కలిపి జీతం లేని ఇంటి చాకిరీ, సంరక్షణ పనుల్లో 76.2 శాతం గంటలు ఆడవాళ్ళవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది. మేము సగం దూరం నడిచొచ్చాం, అవతలి నుంచి రావాల్సిన వాళ్ళు అక్కడే ఆగిపోయారు. వస్తే ఆడంగి అంటారుగా మరి!

సూటిగా ఒక మాట:

ఆ మగరాయుడు, ఆడంగి పాయింటు మాత్రం తగలాల్సిన చోట తగిలింది అక్కా. ఒప్పుకుంటున్నా. స్కూలు విషయంలో నా మాట నాదే.

కుళాయి శబ్దం:

నేను ఎక్కువగా రాసేవాణ్ణి కాదు. ఆ పిల్లాడు ఏడవలేదు అన్న లైను దగ్గర ఆగిపోయాను.

మా నాన్న పోయినప్పుడు నాకు 34. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించడం, ఫోన్లు చేయడం, అమ్మని పట్టుకోవడం, అన్నీ చేశాను, కన్ను తడవలేదు. "మగపిల్లాడంటే ఇలా ఉండాలి" అని ఒక పెద్దాయన భుజం తట్టాడు కూడా. ఎనిమిది నెలల తర్వాత ఏవో కాగితాలు వెతుకుతుంటే ఆయన కళ్ళజోడు పెట్టె దొరికింది. తెరిస్తే అద్దాల మీద వేలిముద్ర అలాగే ఉంది. బాత్రూంలోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ శబ్దంలో ఏడ్చాను. నా ఇల్లు, నా బాత్రూం, తలుపు గడియ వేసే ఉంది. అయినా కుళాయి కావాల్సొచ్చింది.

ప్రపంచం మొత్తం మీద ఆత్మహత్యల రేటు ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో రెండింతలకు పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కారణాలు చాలా ఉంటాయి, ఇదొక్కటే అనను. కానీ ఈ కుళాయి తిప్పడం మనకి ఎన్నో ఏట మొదలవుతుందా అని ఆలోచిస్తే, ఏడో ఏటే అనిపిస్తోంది.

పాత కాగితాలు:

పై పోస్టు చదివాక వెంటనే ఏం రాయాలో తోచలేదు. ఒక్క విషయం మాత్రం చెప్తాను. ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రంలో మగతనం, ఆడతనం ఒకే తాడుకి రెండు కొసలు. ఇటు జరిగితే అటు తగ్గాల్సిందే. 1974లో శాండ్రా బెమ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 60 గుణాలతో ఒక ప్రశ్నావళి చేసింది: మగవాళ్ళవని జనం అనుకునేవి 20, ఆడవాళ్ళవి 20, ఎటూ చెందనివి 20. రెండింటినీ విడివిడిగా లెక్కేసింది. ఒకే మనిషి తెగువలోనూ ఎక్కువ మార్కులు తెచ్చుకోవచ్చు, మెత్తదనంలోనూ తెచ్చుకోవచ్చు. మెత్తబడితే మగతనం తరిగిపోతుందన్న భయానికి ఆ తాడు లెక్కే మూలం. (అన్నట్టు ఆవిడ ఆడ జాబితాలో "ఇట్టే నమ్మేసే" అనే గుణం కూడా ఉంది. జనం అలా అనుకునేవాళ్ళన్నమాట!)

నిద్రపట్టని నాన్న:

అందరికీ థాంక్స్. మగరాయుడు అన్న మాట దగ్గర చెంప ఛెళ్ళుమంది, నిజం. మా అమ్మాయికి ఆ సంగతి చెప్తే "నేను మగరాయుణ్ణి కాదు, డిఫెండర్‌ని" అంది.

బాబుకి సారీ చెప్పాను. కావాలంటే సెలవుల్లో వేసుకో, స్కూలు రోజుల్లో వేసుకోవాలనిపించినా చెప్పు, ఎవరైనా నవ్వితే ఏమనాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం అన్నాను. "వద్దులే నాన్నా" అన్నాడు. ఆ "వద్దులే" నా వల్ల వచ్చిందో, నిజంగానే వద్దో అడిగే ధైర్యం చాల్లేదు.

నిన్న రాత్రి గోళ్ళు కత్తిరించడానికి కూర్చోబెట్టాను. కుడి చెయ్యి మొత్తం ఇచ్చాడు. ఎడమ చేతికి వచ్చేసరికి చిటికెనవేలు మడిచి అరచేతిలో దాచుకున్నాడు. మూల ఊదారంగు ఇంకా కొంచెం ఉంది. తొమ్మిదే కత్తిరించాను.