ఫిన్‌సెన్‌లో రిజిస్టర్ చేసుకుంటే టెక్సస్ లైసెన్స్ అక్కర్లేదా?

ఇర్వింగ్ వాసి:
అందరికీ నమస్కారం. మూడు నెలలుగా తెలిసినవాళ్ళకి ఇండియాకి డబ్బు పంపిపెడుతున్నాను. వాళ్ళు నాకు జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సర్వీసు) డాలర్లు వేస్తారు. నేను యూఎస్‌డీటీ (డాలరు విలువకి ముడిపెట్టిన క్రిప్టో) కొని హైదరాబాద్‌లో మా బావమరిదికి పంపుతాను. అతను అమ్మి, వాళ్ళింట్లోవాళ్ళ ఖాతాలో రూపాయలు వేస్తాడు. నూటికి ఒక డాలరు నాకు. ఇప్పటికి పదకొండు మందికి చేశాను. ఫిన్‌సెన్‌లో (అక్రమ డబ్బు లావాదేవీల మీద కన్నేసే అమెరికా కేంద్ర సంస్థ) రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఫీజు కూడా లేదు అంటున్నాడు ఒక ఫ్రెండ్. అంతేనా? రాష్ట్రం లైసెన్స్ వేరే కావాలా?

డాలస్ అక్క:
తమ్ముడూ, ముందు ఆ పని ఆపు. ఎవరి డబ్బైనా ఇంకా నీ దగ్గరుంటే వెనక్కిచ్చెయ్.

ఫిన్‌సెన్‌ది నమోదు మాత్రమే, అనుమతి కాదు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. ఇక్కడైతే టెక్సస్ బ్యాంకింగ్ డిపార్ట్‌మెంట్. ఒకరి దగ్గర డాలర్లు తీసుకుని ఇంకోచోట ఇంకొకరికి రూపాయలు ఇస్తానంటే అదే మనీ ట్రాన్స్‌మిషన్. మధ్యలో క్రిప్టో దూరినంత మాత్రాన అది మారదు. కస్టమర్ న్యూజెర్సీలో ఉంటే అక్కడి లైసెన్స్ కూడా కావాలి. న్యూయార్క్‌లో 2015 నుంచి క్రిప్టోకి బిట్‌లైసెన్స్ ఉంది, దరఖాస్తు ఫీజే 5,000 డాలర్లు.

ఆరేళ్ళు నేను ఈ లైసెన్స్ దరఖాస్తుల ఫైళ్ళే చూశాను. ఎన్‌ఎమ్‌ఎల్‌ఎస్ అని రాష్ట్రాల లైసెన్సులకి దరఖాస్తు చేసే వెబ్‌సైటు ఉంది, అందులో కంపెనీ డైరెక్టర్లందరూ పదేళ్ళ ఉద్యోగాలు, పదేళ్ళ ఇంటి అడ్రసులు నింపాలి, వేలిముద్రలివ్వాలి. ఒకాయన గుంటూరులో ఖాళీగా ఉన్న ఏడు నెలలు రాయలేదని ఫైలు వెనక్కొచ్చింది. ఆ ఏడు నెలలూ ఆయన ఆసుపత్రిలో వాళ్ళ నాన్నగారి దగ్గరున్నారు. అదే రాసి పంపాం. ఇవి కాక ష్యూరిటీ బాండు (కస్టమర్ల డబ్బుకి హామీ పత్రం), నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి), ఆడిట్ అయిన లెక్కలు చూపించాలి. ఒక్కడివే మొయ్యలేవు.

లైసెన్స్ లేకుండా చేస్తే ఫెడరల్ నేరం, సెక్షన్ 1960. ఐదేళ్ళ దాకా జైలు. "లైసెన్స్ కావాలని నాకు తెలియదు" అన్నా నిలవదు. ఈ వ్యాపారమే చెయ్యాలనుంటే లైసెన్సున్న కంపెనీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని ఏజెంటుగా చేరు.

కూకట్‌పల్లి వాసి:
మీ బావమరిది సంగతి కూడా చూడండి. ఫెమా (ఇండియాలో విదేశీ మారకం చట్టం) ప్రకారం విదేశంలో ఉన్నవాళ్ళ తరఫున వచ్చే డబ్బు అధీకృత డీలరు, అంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులాంటి సంస్థ, ద్వారానే రావాలి. మా వీధిలో ఒకబ్బాయి యూఎస్‌డీటీ అమ్మాడు. కొన్నవాడు వేసిన డబ్బు సైబర్ మోసంలోదట. వేరే రాష్ట్రం పోలీసులు అతని జీతం ఖాతా ఫ్రీజ్ చేయించారు. ఆ నెల ఇంటద్దె వాళ్ళ మామగారు కట్టారు.

ఇర్వింగ్ వాసి:
నిన్న రాత్రే ఇద్దరి డబ్బు తిరిగి వేసేశాను. అయిపోయిన ఆ పదకొండు సంగతేంటి అక్కా? వాట్సాప్ చాట్లు తీసేయనా?

డాలస్ అక్క:
ఒక్క మెసేజ్ కూడా తీసెయ్యకు. ఎవరికి, ఎంత, ఏ రోజు పంపావో వరసగా రాసుకుని ఈ కేసులు చూసే లాయరు దగ్గరికి వెళ్ళు. నీ వీసా ఏదో కూడా మొదటి రోజే చెప్పు.