ఇంటి వంట, ఇంటి ముగ్గు, ఇంటి రాత: మూడూ ఒక పుస్తకంలోకి ఎలా ఎక్కించాలి? (చెన్నై)

వేళచ్చేరి_వాణి అడిగారు:

వేళచ్చేరిలో ఉంటున్న కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి సంక్రాంతి లోపు ఒక పుస్తకం తేవాలనుకుంటున్నాం. ప్రతి ఇంటినుంచి ఒక వంట, ఒక ముగ్గు, పిల్లలు పెద్దవాళ్లని అడిగి రాసిన పేజీ ఒకటి. వీలైతే కలంకారీ గుడ్డ అట్ట. పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు, కూడబలుక్కుని చదువుతారు, రాసేది మాత్రం తమిళంలో.

పెద్దవాళ్లు "పిడికెడు", "చూసి వెయ్యి" అంటారు. దాన్ని కొలతలోకి ఎలా తేవాలి? ముగ్గుకి ఫోటో తీస్తే చాలా? పిల్లల చేత ఏం రాయించాలి? "మన సంస్కృతి" అని అంశం ఇస్తే అందరూ ఒకే వ్యాసం రాసుకొస్తారని భయంగా ఉంది. ఇంకో చిక్కు: కొన్ని కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. వాళ్ల పులిహోర సగం పుళియోదరై (తమిళుల పులిహోర). దాన్ని తెలుగు వంట అని రాయొచ్చా అని అడుగుతున్నారు.

పోపులపెట్టె:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను వాణి గారూ. రాయాలి, వండేది వండినట్టే రాయాలి. "అసలైన ఆంధ్రా పులిహోర" అని దిద్ది రాస్తే అది ఏ వీడియోలో అయినా దొరుకుతుంది, ఆ ఇంటి వంట మాత్రం పోతుంది. కోస్తా పులిహోరలో చింతపండు గుజ్జు, పసుపు, పచ్చిమిర్చి, పోపు ఉంటాయి, కొందరు ఆవ పెడతారు. పుళియోదరైలో గుజ్జుని నువ్వులనూనెలో ముదురు రంగు వచ్చేదాకా దగ్గరపెట్టి, వేయించిన మెంతులు, ధనియాలు, ఎండుమిర్చి పొడి కలుపుతారు. ఆ ఇంట్లో పసుపు, పచ్చిమిర్చి నిలిచి మెంతిపొడి వచ్చి చేరిందా? ఏ తరంలో చేరింది, ఎవరి చేతి మీదుగా వచ్చింది? ఆ రెండు వాక్యాలు తప్పకుండా వెయ్యండి. పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనవి అవే.

ఇక కొలత. పెద్దావిడ చేతికి చెంచా ఇవ్వకండి. గ్రాము వరకు చూపే వంటింటి త్రాసు తీసుకుని ఉప్పు డబ్బా, చింతపండు డబ్బా, పసుపు డబ్బా, నూనె సీసా వంటకి ముందే తూచి రాసుకోండి. ఆవిడ అలవాటు ప్రకారం చేత్తో తీసి వేసుకుంటారు. వంట అయ్యాక మళ్లీ తూస్తే తగ్గినదే కొలత. పక్కన నిలబడి "ఎంత వేశారు?" అని అడుగుతుంటే చెయ్యి తడబడుతుంది, కొలత మారిపోతుంది. నూనె గ్రాముల్లో వస్తుంది కాబట్టి మిల్లీలీటర్లు కావాలంటే 0.92తో భాగించండి. ఇంగువ ఆ త్రాసుకి ఆనదు, "శనగగింజంత" అనే రాయండి.

ఒక్కసారి తూచి వదిలేయకండి. రెండు మూడు వంటలు తూచి "70 నుంచి 80 గ్రాములు" అని హద్దులు రాస్తేనే నిజానికి దగ్గరగా ఉంటుంది. చింతపండు కొత్తదా పాతదా, గింజ తీసిందా లేదా అన్నది రాయకపోతే ఆ అంకెతో ఎవరికీ పని జరగదు.

పోల్చి చూసుకోవడానికి: అరకిలో బియ్యానికి గింజ, పీచు తీసిన చింతపండు 70 నుంచి 80 గ్రాములు, ఉప్పు 18 నుంచి 20 గ్రాములు, నూనె 80 నుంచి 100 మి.లీ., పసుపు ఒక చిన్న చెంచా. మీ అంకెలు దీనికి రెట్టింపో సగమో వస్తే ముందు తూకం సరిచూసుకోండి. ఎక్కడ చెడుతుందో కూడా పేజీలో ఉండాలి. నూనె పైకి తేలేదాకా గుజ్జు ఉడక్కపోతే అన్నం తడిసి పచ్చివాసన వేస్తుంది, సాయంత్రం దాకా నిలవదు. అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, కాస్త నూనె పట్టించకపోతే ముద్దవుతుంది. ఆవ పెట్టే ఇల్లయితే నూరిన ఆవముద్ద అన్నం చల్లారాకే కలపాలి. వేడికి ఘాటు పోయి చేదు మిగులుతుంది.

మానిక_కుంచం:

పాత నోటుబుక్కులున్న ఇళ్లకి ఇది అవసరం పడుతుంది. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. ఈ లెక్క చాలాచోట్ల ఒకటే, కానీ మానికలో పట్టేది ఊరిని బట్టి మారేది. అందుకని నెట్‌లో దొరికే పట్టిక చూసి మార్చేయకండి. ఆ ఇంట్లో పాత సోల గానీ గ్లాసు గానీ మిగిలి ఉంటే దాన్ని నీళ్లతో నింపి తూచండి, ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. ఆ పాత్ర ఫోటో వంట పక్కనే వెయ్యండి. వీశ అని ఉంటే 120 తులాలు, అంటే సుమారు 1.4 కిలోలు.

ఆవకాయ రాసేవాళ్లు ఒకటి గమనించాలి. "ఆవపిండి, కారం, ఉప్పు సమానం" అంటే గిన్నె కొలత, తూకం కాదు. అదే గిన్నెడు మెత్తటి ఉప్పు, గిన్నెడు కారానికి రెట్టింపు పైనే తూగుతుంది. దాన్ని "తలా 250 గ్రాములు" అని మార్చి రాస్తే ఉప్పు చాలక ఆవకాయ బూజు పడుతుంది. కాయ పేరు, కారం పేరు కూడా రాయండి. ఇక్కడ దాదాపు ఏడాది పొడుగునా దొరికే బెంగుళూరు కాయకి (తోతాపురి మామిడి) ఆవకాయకి కావలసిన పులుపు, గట్టిదనం ఉండవు. బ్యాడిగి కారం ఎర్రగా కనిపిస్తుంది గానీ గుంటూరు కారమంత మంట ఇవ్వదు.

సందుచుక్క:

ముగ్గుకి ఫోటో చాలదండి. అందులో పూర్తయిన ముగ్గే ఉంటుంది, చెయ్యి ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో ఉండదు. పిల్లలు ఫోటో చూసి వేస్తే సగంలో చిక్కుకుపోయేది అందుకే. చుక్కల లెక్క, గీతల వరస రెండూ కాగితం మీదకి రావాలి.

లెక్క మన వారపత్రికల పద్ధతిలోనే రాయండి. "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అంటే నడిమి వరసలో 7, పైకీ కిందికీ సందుల్లో 6, 5, 4. మొత్తం 37. ఈ మొత్తం కూడా రాస్తే పిల్లలు పెట్టిన చుక్కలు సరిపోయాయో లేదో గీత మొదలెట్టకముందే తెలిసిపోతుంది. "15 సందు చుక్క, 8 వరకు" అయితే 169 రావాలి. సందు చుక్కలకి మామూలు గళ్ల కాగితం వాడొద్దు, ముగ్గు నిలువుగా సాగిపోతుంది. చుక్కల మధ్య 1 సెం.మీ. ఉంటే వరసల మధ్య 0.87 సెం.మీ. ఉండాలి. ఐసోమెట్రిక్ చుక్కల కాగితం, అంటే చుక్కలు ముక్కోణాలుగా ఉండేది, ప్రింట్ తీసుకోండి. సరి చుక్కలకి, అంటే ఒకదాని కింద ఒకటి తిన్నగా పెట్టేవాటికి, గళ్ల కాగితం సరిపోతుంది.

పెద్దవాళ్లు వేసేటప్పుడు ఫోన్ తిన్నగా పైనుంచి పట్టుకుని వీడియో తీయండి. తర్వాత అది చూస్తూ ప్రతి గీతకి 1, 2, 3 అని అంకె, బాణం గుర్తు వెయ్యండి.

మెలికల ముగ్గు, అంటే ఇక్కడి సిక్కు కోలం, పిల్లలకి నేర్పేటప్పుడు 3 వరసలు, వరసకి 4 సరి చుక్కలతో మొదలుపెట్టండి. చుక్కల మధ్యనుంచి ఐమూలగా సాగుతూ, అంచుల దగ్గర మాత్రమే మలుపు తిప్పుతూ పోతే ఒకే గీత అన్ని చుక్కలనీ చుట్టి మొదటికొస్తుంది. 4కి 4 పెడితే నాలుగు విడి గీతలు వస్తాయి. వరసల సంఖ్యకీ చుక్కల సంఖ్యకీ గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) ఎంతో అన్ని గీతలు. ఇది చెప్పకపోతే 4కి 4 వేసిన పిల్ల తనే తప్పు వేశాననుకుంటుంది.

నేల మీదకైతే మెత్తటి బియ్యప్పిండి ఇక్కడి తేమకి వేళ్లకి అంటుకుని గీత తెగుతుంది. బరకగా పట్టించండి, లేదా కోలమావు (ఇక్కడ దొరికే రాతి ముగ్గుపొడి) మూడు వంతులకి బియ్యప్పిండి ఒక వంతు కలపండి.

మూడో_పేజీ:

రాత గురించి మీ భయం నిజమే. అంశం ఇవ్వకండి, ప్రశ్న ఇవ్వండి. జవాబులో ఒక వస్తువు, ఒక మనిషి, ఒక వేళ వచ్చి తీరేలా ఉండాలి. "ఆవకాయ జాడీ మూత ఎవరు తీసేవాళ్లు? ఎవరు ముట్టుకోకూడదు?" "చెన్నైలో ఏ సరుకు దొరక్క ఊరినుంచి తెప్పించుకునేవాళ్లు? ఎవరు మోసుకొచ్చేవాళ్లు?" "పండగనాడు అందరూ తిన్నాక వండినవాళ్లకి ఏం మిగిలేది?" ఈ చివరి దానికి ఏ రెండు ఇళ్ల జవాబూ ఒకలా ఉండదు.

ఒక పిల్లకి ఒక్క ప్రశ్న. పెద్దవాళ్లు చిక్కుళ్లు వలుస్తూనో ఆకుకూర బాగుచేస్తూనో ఉన్నప్పుడు ఫోన్‌లో 20 నిమిషాలు రికార్డు చేయాలి. చేతికి పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. మాట ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకూడదు, చాలాసార్లు అసలు సంగతి ఆ తర్వాతే వస్తుంది. అందులోంచి 150 పదాలు తీసి, పలికినట్టే రాయాలి. "ఎత్తుకొచ్చేవాళ్లం" అన్నదాన్ని "తీసుకొనివచ్చెడివారము" చేయొద్దు. మధ్యలో తమిళ మాట వస్తే ఉండనివ్వండి, అది ఆ ఇంటి తెలుగు.

తమిళ లిపిలో తెలుగు రాయించి తర్వాత మార్చుకోవచ్చనుకోకండి. అక్కడ క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, మార్చేటప్పుడు ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు పాడవుతాయి. రికార్డులోంచి పిల్ల ఎంచుకున్న మాటలు చెబితే పెద్దవాళ్లు తెలుగులో రాయడం, దాన్ని పిల్ల తన చేత్తో ఎత్తి రాయడం మంచి దారి. ఆ చేతిరాతే స్కాన్ చేసి అచ్చువేయండి, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు.

అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒకే సంగతి రెండు రకాలుగా చెబితే ఇద్దరి పేర్లతో రెండూ వెయ్యండి. అచ్చుకి ముందు చెప్పినవాళ్లకి చదివి వినిపించండి. వద్దన్న వాక్యం తీసెయ్యాలి, ఎంత బాగున్నా సరే.

వేళచ్చేరి_వాణి:

అందరికీ నమస్కారాలు. ప్రశ్నల పద్ధతి ఈ వారమే మొదలుపెడతాం. అట్ట, అచ్చు సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? కలంకారీ పిల్లలతో చేయించొచ్చా?

కరక్కాయ_కలం:

నల్ల గీత వరకు చేయించొచ్చు. ఎరుపుకి పటిక, ఉడకబెట్టడం, మళ్లీ మళ్లీ ఉతకడం ఉంటాయి, పిల్లలతో వద్దు. అది చూపించాలంటే శ్రీకాళహస్తి తీసుకెళ్లండి, చెన్నైకి సుమారు 110 కి.మీ.

గంజి పోయేలా ఉతికిన ముతక నూలు గుడ్డ కావాలి. మీటరుకి 40 గ్రాముల కరక్కాయ పొడి, గుడ్డ మునిగేటన్ని చిక్కటి పాలు. కరక్కాయ నాట్టు మరుందు కడలో (నాటుమందుల కొట్లో) కడుక్కాయ్ అని అడిగితే ఇస్తారు. గేదె పాలు దొరక్కపోతే వెన్న ఎక్కువుండే ఆవిన్ ఆరెంజ్ పాల ప్యాకెట్ వాడండి. పాలలో వెన్న తక్కువైతే సిరా గుడ్డలో పాకుతుంది. ముంచి, పిండి, ఎండలో ఆరేయండి. సిరాకి తుప్పు ఇనుపముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టి వడకట్టాలి. కరక్కాయ తగిలితేనే అది నల్లబడుతుంది, పట్టని చోట గీత తుప్పురంగులో ఉండిపోతుంది. మర్నాడు ధారగా నీళ్లు పోసి కడగండి, మిగిలిన ఇనుము ఏళ్లు గడిస్తే గుడ్డని గీత వెంబడే తినేస్తుంది.

గుడ్డని అట్టకి అంటించకండి. మైదా జిగురుకి సిల్వర్ ఫిష్ చేరుతుంది, అది రాకుండా కలిపే మైలుతుత్తం విషం. పుస్తకానికి సంచిలా కుట్టి తొడగండి, ఉతుక్కోవచ్చు.

అచ్చుకి ఏ5 సైజు (ఏ4లో సగం), పేజీలు 4తో భాగించబడాలి. పిన్నులు వద్దు, సముద్రపు గాలికి తుప్పు పట్టి కాగితం మీదకి దిగుతుంది. నడుమ దారంతో కుట్టించండి. యూనికోడ్‌లో టైపు చేసి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైలు లోపలే చేర్చిన) పీడీఎఫ్ ఇవ్వండి. వర్డ్ ఫైలిస్తే తెలుగు ఫాంట్ లేని షాపులో ఒత్తులు చెదురుతాయి. ముందు ఒక్క కాపీ తీయించి, వంటల పేజీలో అంకెలన్నీ త్రాసు దగ్గర రాసుకున్న కాగితంతో సరిచూసుకున్నాకే మిగతావి అచ్చుకి చెప్పండి.