ఆర్కాలో తెలుగు చదివించడం ఎలా?

ప్రశ్న: ఉబుంటు, గ్నోమ్ డెస్క్‌టాప్. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆర్కా ఇంగ్లిష్ బాగానే చదువుతోంది. తెలుగు వాక్యం వస్తే ఒక్కో అక్షరాన్ని విడగొట్టి పలుకుతోంది. ఎక్కడ మార్చాలండీ?

జవాబు 1: ఇంగ్లిష్ గొంతుకు తెలుగు లిపి ఇస్తే అంతే. ఆర్కా సెట్టింగులు తెరవడానికి ఇన్‌సర్ట్, స్పేస్ కలిపి నొక్కండి (ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో క్యాప్స్‌లాక్, స్పేస్). వాయిస్ ట్యాబ్‌లో సింథసైజర్‌గా (రాతను మాటగా మార్చేది) ఈస్పీక్ ఎన్‌జీ, లాంగ్వేజ్, పర్సన్ దగ్గర తెలుగు ఎంచుకోండి.

జవాబు 2: అంతకంటే ముందు టెర్మినల్‌లో ‘ఎస్‌పీడీ-సే -ఎల్ టీఈ నమస్కారం’ కొట్టండి, కమాండ్ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. సరిగ్గా పలికితే లోపం ఆర్కా సెట్టింగుల్లోనే. సింథసైజర్ దొరకలేదని ముందే రికార్డు చేసిన మాట వినిపిస్తే స్పీచ్ డిస్పాచర్‌కు (ఆర్కాను సింథసైజర్‌తో కలిపే ప్రోగ్రామ్) ఈస్పీక్ ఎన్‌జీ మాడ్యూల్ ప్యాకేజీ లేనట్టే. ఆ కమాండ్‌ను సుడోతో (అడ్మిన్ హక్కులతో) మాత్రం నడపొద్దు: అడ్మిన్ ఖాతా అయిన రూట్ పేరిట ఇంకో డిస్పాచర్ లేచి, ఆడియో అందక మూగబోతుంది.

జవాబు 3: ఈస్పీక్ తెలుగు మరబొమ్మ గొంతే. ఒత్తులు మింగేస్తుంటే వాయిస్ ట్యాబ్‌లో రేటు (చదివే వేగం) 50 నుంచి 40కి దించండి.