రియల్ ఎస్టేట్ ఆఫీసులో రెండు లెక్కలు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి చెప్పాలంటే ఎలా? నా పేరు బయటకి వస్తుందా?

అజ్ఞాత సభ్యురాలు:
అందరికీ నమస్తే. నేను ఒక వెంచర్ల కంపెనీలో ఆరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నా. ప్లాటు అమ్మితే రిజిస్ట్రేషన్ విలువ వరకే బ్యాంకులో పడుతుంది, మిగతాదంతా క్యాష్, ఆ లెక్క ట్యాలీలో (కంపెనీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) ఎక్కదు, ఓనర్ గారి మేనల్లుడి లాప్‌టాప్‌లో వేరే షీట్ ఉంటుంది. మూడు ప్లాట్లు ఆయన డ్రైవర్ పేరు మీద కూడా ఉన్నాయి, ఆ అబ్బాయి జీతం ఎంతో నాకు తెలుసు కదా, వాడు కొనేంత డబ్బు ఎక్కడిది. ఇవన్నీ చాలవన్నట్టు 2023-24లో నా జీతంలోంచి ముందే కోసిన పన్ను, అదే టీడీఎస్, 26ఏఎస్‌లో (మన పేరు మీద జమైన పన్ను చూపించే స్టేట్‌మెంట్) కనబడట్లేదు. ఇంక ఊరుకోలేకపోతున్నా. కానీ పేరు తెలిస్తే ఉద్యోగం సంగతి సరే, ఇంటి మీదకి వస్తారని భయం. రివార్డు కూడా ఇస్తారంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్ ఆడిటర్:
అమ్మా, ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావాల్సింది విషయం డిపార్ట్‌మెంట్‌కి చేరడమా, లేక రివార్డు కూడానా? ఎందుకంటే ఈ రెండిటికీ దారులు వేరు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

విషయం చేరితే చాలనుకుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోనే ట్యాక్స్ ఎవేషన్ పిటిషన్, అంటే పన్ను ఎగవేత మీద ఫిర్యాదు, వేయొచ్చు, 2021 జనవరిలో పెట్టారు ఈ సౌకర్యం, పాన్, ఆధార్ లేకుండా కూడా వేయొచ్చు, ఓటీపీ మాత్రం అడుగుతుంది. వేశాక ఒక నంబర్ ఇస్తారు, దాంతో స్టేటస్ చూసుకోవచ్చు.

రివార్డు కావాలంటే అది చాలదు. 2018 ఇన్‌ఫార్మెంట్స్ రివార్డ్ స్కీమ్ కింద ఇన్వెస్టిగేషన్ విభాగం ఆఫీసర్ దగ్గరికి మీరే వెళ్లి అనెక్సర్-ఏ ఫారం నింపి ఇవ్వాలి, వాళ్లు మీకు ఒక కోడ్ ఇస్తారు, ఆ కోడ్ వచ్చాకే మీరు ఇన్‌ఫార్మెంట్, అంటే సమాచారం ఇచ్చినవారు. ఆకాశరామన్న ఉత్తరం రాసి తర్వాత రివార్డు అడిగితే కుదరదు. అదనంగా వసూలైన పన్నులో 5 శాతం వరకు, గరిష్ఠంగా 50 లక్షలు. డ్రైవర్ పేరు మీద ప్లాట్లకి బినామీ స్కీమ్ వేరే ఉంది, అందులో గరిష్ఠం 1 కోటి, దానికి బినామీ ప్రొహిబిషన్ యూనిట్‌లో ఇవ్వాలి. అయితే ఆ డబ్బు మీద ఆశ పెట్టుకుని ఈ పని మొదలుపెట్టొద్దమ్మా. అది మీ హక్కు కాదు, వాళ్ల విచక్షణ. కొంత ముందుగా ఇచ్చే వీలున్నా అసలు రివార్డు పన్ను వసూలయ్యాకే, కంపెనీ వాళ్లు అప్పీలుకి ట్రిబ్యునల్, హైకోర్టు అని తిరిగితే ఏళ్లు పడుతుంది.

పేరు రహస్యంగా ఉంచుతారు, చట్టప్రకారమో కోర్టు ఆదేశం మీదో తప్ప బయటపెట్టరు. నా అనుభవంలో పేరు బయటపడేది ఆఫీసులోంచి కాదు, మనం నమ్మి చెప్పుకున్న ఫ్రెండ్ నోట్లోంచే. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పొద్దు, కొలీగ్స్‌కి అసలు వద్దు.

అజ్ఞాత సభ్యురాలు:
చాలా థ్యాంక్స్ సార్. ఆ లాప్‌టాప్ షీట్ ఒకసారి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే ప్రూఫ్ గట్టిగా ఉంటుంది కదా? పాస్‌వర్డ్ నాకు తెలుసు.

రిటైర్డ్ ఆడిటర్:
వద్దమ్మా! ఇది మాత్రం చెయ్యొద్దు. మీ పనిలో భాగంగా మీ చేతికి వచ్చినవి వేరు, ఇంకొకరి లాప్‌టాప్ తెరిచి కాపీ చేసుకోవడం వేరు, రేపు కేసు మీ మీదకే తిరుగుతుంది. డిపార్ట్‌మెంట్‌కి ఆ షీట్ మీరు తెచ్చివ్వక్కర్లేదు, అది ఎక్కడుందో చెబితే చాలు. ఏ రూములో, ఎవరి దగ్గర, ఏ పేరుతో సేవ్ చేస్తారు, క్యాష్ ఏ రోజుల్లో ఎక్కువ వస్తుంది, ఎక్కడికి వెళ్తుంది, ఏ సర్వే నంబర్ వెంచర్లో ఏ ప్లాటు ఎంతకి అమ్మి ఎంతకి రిజిస్టర్ చేశారు, కంపెనీ పాన్, ఇలాంటివి రాయండి. "కోట్లు ఎగ్గొడుతున్నాడు" అని రాస్తే ఆ కాగితం ఫైల్లో నిద్రపోతుంది. కళ్లారా చూసింది, చెవిన పడింది విడివిడిగా రాయండి. ఊహించినది నిజమన్నట్టు రాయొద్దు, తప్పని తెలిసీ సమాచారం ఇస్తే శిక్ష ఉంది, గతంలో ఐపీసీ సెక్షన్ 182, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 217.

ఇంకోటి అడుగుతున్నా, ఏమనుకోకండి. ఆ దొంగ లెక్కల్లో మీ చేత ఎప్పుడైనా ఎంట్రీలు వేయించారా, సంతకాలు పెట్టించారా? అలా ఉంటే ముందు ఒక మంచి లాయర్ని కలవండి, కోడ్ ఇచ్చినంత మాత్రాన మీ తప్పు మాఫీ కాదు.

మరో సభ్యుడు:
అక్కా, నేను మూడేళ్ల కింద ఇలాగే పిటిషన్ వేశాను, వేరే వ్యాపారం. నంబర్ వచ్చింది, ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. ఆర్టీఐ వేద్దామంటే ఇన్వెస్టిగేషన్ డైరెక్టరేట్‌కి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉందని అప్పుడు తెలిసింది. అందుకే ఫోన్ వస్తుందని రోజూ ఎదురుచూడకండి, నేను అలా ఎదురుచూసి చాలా నలిగిపోయాను. విజిల్ బ్లోయర్ చట్టం మనకి అండగా ఉంటుందని కూడా అనుకోకండి, 2014లో చేశారు గానీ అమల్లోకే రాలేదు, పైగా అది ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి గురించి.

రిటైర్డ్ ఆడిటర్:
తమ్ముడు చెప్పింది కరెక్ట్. టీడీఎస్ సంగతి మాత్రం దీంతో కలపకండమ్మా, కలిపితే రాసింది మీరేనని ఇట్టే తెలిసిపోతుంది. మీ పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి, మీ జీతంలోంచి కోసినట్టు ఆధారం ఉంటే కంపెనీ కట్టలేదని ఆ పన్ను మళ్లీ మిమ్మల్ని కట్టమనకూడదు.

అజ్ఞాత సభ్యురాలు:
అర్థమైంది సార్. ఆ డ్రైవర్ అబ్బాయి గురించే బాధగా ఉంది, వాడికి ఏమీ తెలీదు, సంతకం పెట్టమంటే పెట్టాడు.

రిటైర్డ్ ఆడిటర్:
బినామీ కేసులో పేరు ఇచ్చినవాడికీ శిక్ష ఉంది, ఏడాది నుంచి ఏడేళ్లు, బాధపడటం న్యాయమే. కానీ ఇప్పుడే వాడికి చెప్పకండి, చెబితే సాయంత్రానికి ఓనర్‌కి తెలుస్తుంది. తనకి తెలీకుండా సంతకం పెట్టించారన్న మాట మీ ఫారంలోనే రాయండి, జీతం ఎంతో కూడా రాయండి. రేపు విచారణలో వాడికి అది పనికొస్తుంది.