రహస్య రాకడ శ్రమలకు ముందేనా? అలా నమ్మకపోతే విశ్వాసి కాడా?

పాలకొల్లు చదువరి
అందరికీ వందనాలు. మా మందిరంలో ప్రకటన గ్రంథం మీద పాఠాలు జరుగుతున్నాయి. గోడకు ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్డ మీద గీసిన చార్టు కట్టారు. మొదట సిలువ, తర్వాత సంఘ కాలం, దాని చివర పైకి ఎర్ర బాణం, అంటే ప్రభువు రహస్యంగా వచ్చి సంఘాన్ని ఎత్తుకుపోవడం. బాణం పక్కన లోకం మీదికి వచ్చే ఏడేండ్ల శ్రమలు, వాటిని మూడున్నర మూడున్నరగా విడగొట్టారు. ఆ తర్వాత వెయ్యేండ్ల పాలన, చివర ధవళ సింహాసనం, అంటే అంత్య తీర్పు. మొన్న ఆదివారం పాఠం చెప్పే అన్న ఆ బాణం మీద కర్ర పెట్టి, "దీన్ని ఒప్పుకోనివాళ్లు ఎత్తబడరు" అన్నారు.

ప్రభువు తిరిగి వస్తాడని నమ్మడంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ శ్రమలకు ముందు ఒకసారి రహస్యంగా, తర్వాత మరోసారి బహిరంగంగా వస్తాడన్నది వాక్యంలో ఎక్కడ స్పష్టంగా ఉంది? దాన్ని బట్టి ఒకరి రక్షణనే తేల్చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెరయ విద్యార్థి
వందనాలు బ్రదర్. నేను శ్రమలకు ముందే అని నమ్ముతాను. కారణాలు చెబుతాను.

1 థెస్సలొనీక (థెస్స) 4లో ప్రభువు మధ్యాకాశానికి వస్తాడు, మనం మేఘాల మీద కొనిపోబడతాం. అక్కడ తీర్పు మాట లేదు, ఆదరణే ఉంది. మత్తయి 24లో భూమి మీది గోత్రాలన్నీ ఆయన్ని చూసి రొమ్ము కొట్టుకుంటాయి. ఈ రెండూ ఒకే సంఘటన ఎలా అవుతాయి? పైగా మనల్ని ఉగ్రత పాలవడానికి దేవుడు నియమించలేదని 1 థెస్స 5:9 చెబుతోంది. శోధన కాలం నుంచి కాపాడతానని ఫిలదెల్ఫియ సంఘానికి ప్రభువే మాట ఇచ్చాడు. ప్రకటన మూడో అధ్యాయం వరకు సంఘాల గురించి అంత చెప్పిన యోహాను, ముద్రలు, బూరలు, పాత్రలు వర్ణించేటప్పుడు సంఘం మాటే ఎత్తడు. దానియేలు 9లోని డెబ్బయ్యో వారం, అంటే ఆ ఏడేండ్లే, ఇశ్రాయేలుకు సంబంధించింది, మనకు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆయన ఏ క్షణమైనా రావచ్చు అన్న ఎదురుచూపు. ముందు క్రీస్తు విరోధి రావాలి, ఆలయం కట్టాలి, 666 ముద్ర రావాలి అంటే మనం కనిపెట్టేది ప్రభువు కోసమా, క్రీస్తు విరోధి కోసమా?

గుంటూరు లూథరన్ మాస్టారు
బెరయ బ్రదర్ చెప్పిన క్రమం చక్కగానే ఉంది. అయితే అది ఎప్పటి నుంచి ఉందో కూడా చూడాలి. రాకడను రెండు విడతలుగా చెప్పే ఈ పద్ధతిని స్థిరంగా బోధించినవాడు జాన్ నెల్సన్ డార్బీ. ఐర్లాండులో ఆంగ్లికన్ గురువుగా ఉండి, బయటికొచ్చి బ్రదరెన్ అనే కొత్త క్రైస్తవ సహవాసంలో చేరాడు. 1830ల్లో డబ్లిన్ దగ్గర పవర్స్‌కోర్ట్‌లో జరిగిన కూటాల్లో ఈ ప్రవచనాల మీదే పెద్ద చర్చలు. తర్వాత 1909లో స్కోఫీల్డ్ బైబిలు వాక్యం కిందే ఈ వివరణను నోట్స్‌గా అచ్చేసింది. చదివేవాళ్లకు ఏది వాక్యమో, ఏది నోటో తేడా పోయింది. మీ గోడ మీది చార్టు అక్కడి నుంచి వచ్చిందే.

మన గోదావరి వాళ్లకు ఇందులో ఒక సంబంధం ఉంది. బ్రదరెన్ తొలి పెద్దల్లో ఒకరైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ ఇండియాకు వచ్చారు. నరసాపురం వైపు గోదావరి డెల్టా మిషన్ వాళ్లు మొదలుపెట్టిందే. అంటే ఐర్లాండులో ఆ సహవాసం పుట్టిన కొద్ది ఏళ్లకే మనవైపు చేరింది. ఇంతకీ ఆ బ్రదరెన్‌లోనే బెంజమిన్ న్యూటన్, ట్రెగెల్లెస్ లాంటి ఉద్దండులు డార్బీ రహస్య రాకడను ఒప్పుకోలేదు. న్యూటన్‌కూ డార్బీకీ చెడడానికి వేరే కారణాలూ ఉన్నాయి, అది వేరే కథ. నేననేది ఒక్కటే. పుట్టినింట్లోనే అందరూ ఒప్పుకోని బోధను పాలకొల్లులో రక్షణకు కొలబద్ద చేస్తారా?

బెరయ విద్యార్థి
మాస్టారూ, పాతదైతే నిజం, కొత్తదైతే అబద్ధం అనే లెక్క లూథరన్లు చెప్పకూడదేమో! 1517లో లూథర్ సంస్కరణ మొదలుపెట్టినప్పుడు రోమ్ కాథలిక్కులు మీతో అన్నదీ అదే కదా.

అయినా ఇది పూర్తిగా కొత్తదేం కాదు. రెండో శతాబ్దపు బిషప్పు ఐరేనియస్ దుర్బోధలకు వ్యతిరేకంగా రాసిన గ్రంథంలో ఐదో పుస్తకం 29వ అధ్యాయం తీయండి. చివర్లో సంఘం హఠాత్తుగా ఎత్తబడుతుందని రాసి, వెంటనే మహాశ్రమ గురించి చెబుతాడు.

గుంటూరు లూథరన్ మాస్టారు
మూడు అధ్యాయాలు వెనక్కి తిప్పండి బ్రదర్. 26లో అదే ఐరేనియస్, పది రాజులు మృగానికి రాజ్యం అప్పగించి సంఘాన్ని తరిమేస్తారనీ, ఆ తర్వాత ప్రభువు రాకతో నాశనమవుతారనీ రాశాడు. సంఘం ముందే ఎత్తబడి వెళ్లిపోతే తరమడానికి ఎవరు మిగిలారు?

1517 దెబ్బ మాత్రం బాగానే తగిలింది, ఒప్పుకుంటా.

ఎదురుచూసే విశ్వాసి
మీరంతా చరిత్ర తవ్వుకుంటూ కూర్చోండి. సూచనలు కళ్లముందే నెరవేరుతున్నాయి. 1948లో ఇశ్రాయేలు దేశమైంది. 2022లో టెక్సాస్ నుంచి అయిదు ఎర్రని పెయ్యలు అక్కడికి చేరాయి, ఎర్రని పెయ్య బూడిదతో చేసే శుద్ధీకరణ గురించి సంఖ్యా కాండం 19 చదవండి. ప్రభువు దృష్టికి ఒక దినం వెయ్యేండ్లు. హోషేయ 6:2 ప్రకారం రెండు దినాలైన తర్వాత బ్రదికిస్తాడు. సిలువ 33లో అనుకుంటే 2033 వస్తుంది. అందులోంచి ఏడేండ్ల శ్రమలు తీసేస్తే ఎంతో మీరే లెక్కేసుకోండి. తేదీ చెప్పట్లేదు, కాలం గుర్తించమంటున్నా అంతే.

ఒంగోలు బాప్టిస్ట్
తమ్ముడూ, తీసివేత మాతో చేయించి "తేదీ చెప్పట్లేదు" అంటే ఎలా? సిలువ 30లోనా 33లోనా అన్నదే పండితులకు ఇంకా తెగలేదు. పునాదిలోనే మూడేళ్ల తేడా. హోషేయ 6 ఇశ్రాయేలు పశ్చాత్తాపం గురించి. పేతురు వెయ్యేండ్ల మాట చెప్పింది "రాకడ ఏదీ?" అని వెక్కిరించేవాళ్లకు జవాబుగా, ఎవరూ నశించకూడదని ప్రభువు ఓర్చుకుంటున్నాడని. దాన్ని ఎక్కాల పుస్తకం చేయకు.

మా బాప్టిస్టు రైతే ఒకాయన, న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మిల్లర్. దానియేలు 8:14లోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి, 1843 మార్చి నుంచి 1844 మార్చి లోపు అన్నాడు. గడువు దాటింది. తర్వాత శామ్యూల్ స్నో అనే అనుచరుడు 1844 అక్టోబర్ 22 అని ఖాయం చేశాడు. కొందరు కోతకొచ్చిన పంటను పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి తెల్లవార్లూ ఏడ్చామని హైరమ్ ఎడ్సన్ రాసుకున్నాడు. ఇవాళ్టికీ దాన్ని మహా నిరాశ అనే పిలుస్తారు.

అది పాతకాలం అంటావేమో. దక్షిణ కొరియాలో లీ జాంగ్ రిమ్ అనే పాస్టర్ 1992 అక్టోబర్ 28 అర్ధరాత్రి అన్నాడు. జనం ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్మి ఇచ్చారు. తీరా పోలీసులు చూస్తే ఆయన పేరు మీద 1993 మేలో గడువు తీరే బాండ్లు ఉన్నాయి! లోకం అక్టోబర్‌లో ముగుస్తుందన్న మనిషి మే నెల వడ్డీ కోసం చూస్తున్నాడన్నమాట. మోసం కేసులో జైలుకెళ్లాడు. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ 1994 అన్నాడు, 2011 మే 21 అన్నాడు, అదీ పోయాక అక్టోబర్ 21 అన్నాడు. మరుసటి ఏడాది తేదీలు చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు, అది మెచ్చుకోవాలి. 2025 సెప్టెంబర్ 23 గురించి ఒక దక్షిణాఫ్రికా ప్రబోధకుడి వీడియో నీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది.

కుమారుడు కూడా ఎరుగడని మత్తయి 24:36 చెబుతుంటే, యూట్యూబ్ ఛానల్ ఎరుగుతుందా?

సీఎస్ఐ అక్క
మా ఆరాధనలో నైసియా విశ్వాస ప్రమాణం చెబుతాం. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి మహిమతో తిరిగి వస్తాడు, ఆయన రాజ్యానికి అంతం లేదు. అంతే. ఏడేండ్లు లేవు, వెయ్యేండ్లు లేవు. వెయ్యేండ్లు అంటే ఇప్పుడు నడుస్తున్న సంఘ కాలమేనని అగస్టీన్ చెప్పాడు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. మత్తయి 24లో చాలా భాగం క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేమును నాశనం చేసినప్పుడే నెరవేరింది. "ఈ తరము గతింపదు" అని ప్రభువు ఎదురుగా ఉన్నవాళ్లతో అన్నమాటే కదా. అప్పటికే విశ్వాసులు యొర్దాను అవతల పెల్లాకు వెళ్లిపోయారని సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు.

ఇక చదువరి తమ్ముడి అసలు ప్రశ్న అందరూ వదిలేశారు. రెండో శతాబ్దంలో హతసాక్షి జస్టిన్, ట్రైఫో అనే యూదుడితో సంభాషణగా రాసిన పుస్తకం 80వ అధ్యాయంలో, తాను వెయ్యేండ్ల పాలన నమ్ముతాననీ, అలా నమ్మని నిజమైన క్రైస్తవులు కూడా చాలామంది ఉన్నారనీ చెప్పాడు. విశ్వాసం కోసం తల ఇచ్చినవాడు ఎదుటివాళ్లను క్రైస్తవులు కారనలేదు. కర్ర పట్టుకున్న అన్నకు ఆ అధ్యాయం చదివి వినిపించు.

ఇంటర్ పిల్ల తల్లి
నాకు ఇంత వాక్యం తెలియదు అన్నయ్యగారూ. మా చెల్లి వాళ్లు వెళ్లే ప్రార్థన కూటంలో, ప్రభువు వచ్చేస్తున్నాడు, ఆడపిల్లకు పై చదువులెందుకు అన్నారట. మా చెల్లి కూతురికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌కు పంపలేదు. ఏడాది పోయింది. ఆ మాట చెప్పినాయన మాత్రం కొత్త ఇంటికి స్లాబు వేయించుకుంటున్నాడు. మీ చర్చలో ముందో తర్వాతో ఏది గెలిచినా ఆ పిల్ల సీటు ఎవరిస్తారు?

బెరయ విద్యార్థి
అమ్మా, మీ చెల్లిగారికి 2 థెస్స 3 చదివించండి. రాకడ గురించి అంత రాసిన అదే పత్రికలో, పని మానేసి తిరిగేవాళ్లను పౌలు గట్టిగా మందలించాడు. ఏ క్షణమైనా వస్తాడని నమ్మేవాడు రేపటి పనిని ఇవాళే శ్రద్ధగా చేస్తాడు. చదువు మాన్పించమని ఈ సిద్ధాంతం ఎక్కడా చెప్పదు. ఆ పాపను ఈ ఏడు తప్పకుండా పంపించమనండి, రెండోసారి పరీక్ష రాసే వీలుంది.

చదువరి బ్రదర్, మీ ప్రశ్నకు నా జవాబు. ఆ అన్న చెప్పిన క్రమం సరైందే. "ఒప్పుకోనివాళ్లు ఎత్తబడరు" అన్నది మాత్రం వాక్యంలో లేదు. ఎత్తబడేది క్రీస్తునందున్నవాళ్లు, చార్టు ఒప్పుకున్నవాళ్లు కాదు. మాస్టారు మాత్రం 2 థెస్స 2:7కు ఇంకా జవాబు చెప్పలేదు. అడ్డగించేవాడు మధ్యనుంచి తీసివేయబడ్డాకే అధర్మపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, బయలుపడతాడు. ఆ అడ్డు సంఘంలో ఉన్న పరిశుద్ధాత్మ కాక మరేమిటి?

గుంటూరు లూథరన్ మాస్టారు
ఎవరో పౌలు అక్కడ చెప్పలేదు బ్రదర్, థెస్సలొనీక వాళ్లకు ముందే తెలుసు అన్నాడంతే. తొలి సంఘ రచయిత టెర్టుల్లియన్ అయితే ఆ అడ్డు రోమా ప్రభుత్వమే అన్నాడు. మీరు 7కు వెళ్లే ముందు 3 దగ్గర ఆగండి. పాపపురుషుడు బయలుపడితేనే గాని ఆ దినం రాదని సంఘానికే రాశాడు. సంఘం ముందే వెళ్లిపోయేటట్లయితే "మీరు అప్పటికి ఇక్కడ ఉండరు, భయపడకండి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. దీనికి చెప్పండి. నాకు రేపు స్కూల్లో పరీక్షల డ్యూటీ, సాయంత్రం వచ్చి చదువుతా.